చేతిపని – పదకొండు అతుకులు



పోయిన సంచికలో మిక్సీ మోటారు గురించి రాసి, చివర "వచ్చేసారి నీటిపంపు సంగతి చెబుతాను" అని మాట ఇచ్చాను. ఆ మాట ఈసారికి తప్పుతున్నాను, మన్నించాలి. ఈ మూడు నెలల్లో నా చేతుల మీదుగా ఒక మరమ్మతు జరిగింది. అందులో నేర్చుకున్నది ఎంత ఉందో సిగ్గుపడవలసిందీ అంతే ఉంది. పంపు ఎక్కడికీ పోదు, బావి దగ్గరే ఉంటుంది. ఇది మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలనిపించింది.

మా హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటల గురించి మీలో చాలామంది విని ఉంటారు. మా అక్కయ్య కొడుకు తళి వైపు మూడెకరాల్లో గులాబీలు పెంచుతున్నాడు. తెల్లవారుజామున కోసిన పువ్వులను ఎండ ఎక్కకముందే షెడ్డుకు చేర్చాలి. మోసే మనుషులు దొరకడం లేదని ఎప్పుడు కలిసినా అదే పాట. ఒకరోజు ఫోను చేశాడు.

"మామా, ఒక బండి కొన్నాను. మోటారు సైకిలే గాని నాలుగు చక్రాలు."

"నాలుగు చక్రాలుంటే మోటారు సైకిలు ఎలా అవుతుందిరా?"

"కూర్చునేది మోటారు సైకిలు మీద కూర్చున్నట్టే మామా. వెనక చిన్న ట్రాలీ తగిలిస్తే ఒక్కసారికి ఎనిమిది క్రేట్లు లాగుతుంది. ఒక రిసార్టు వాళ్ళు పాతవి తీసేస్తుంటే చవకగా వచ్చింది."

"చవకగా వచ్చిందంటే ఏదో ఉండే ఉంటుంది. ఏమిటది?"

కాసేపు పలకలేదు. తరవాత గొంతు తగ్గించి, "వైరింగు కొంచెం తకరారుగా ఉంది మామా. మీరు ఒకసారి వచ్చి చూస్తే..." అన్నాడు.

ముప్పై ఏళ్ళు మోటార్లు చుట్టి, ఇళ్ళకు వైరింగు చేసి, ఇప్పుడు విశ్రాంతి పేరుతో ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఇలాంటి పిలుపు వస్తే ఆగగలనా? శనివారం మధ్యాహ్నం సంచీలో మీటరు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు వేసుకుని బస్సెక్కాను.

ఈ బండి ఏమిటంటే

దీన్ని క్వాడ్ బైకు అంటారు. అలీబాగ్ ఇసుకలోనో, కొడగు వైపు రిసార్టుల్లోనో పిల్లలూ పెద్దలూ డబ్బు కట్టి దీనిమీద తిరగడం మీరు చూసే ఉంటారు. లావుపాటి బుడగల్లాంటి టైర్లు, మోటారు సైకిలు లాంటి హ్యాండిలు. యాక్సిలరేటరు మాత్రం మోటారు సైకిలులా పిడికిలితో తిప్పేది కాదు. కుడి చేతి బొటనవేలితో నొక్కే చిన్న మీట ఉంటుంది. ఈ మీట సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మొదట్లో ఈ జాతి బండ్లు మూడు చక్రాలతో వచ్చాయి. 1970లో హోండా కంపెనీ అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. మలుపుల్లో బోల్తాపడి చాలామంది చనిపోవడంతో, 1988లో అక్కడి ప్రభుత్వంతో కోర్టు ద్వారా ఒప్పందం చేసుకుని కంపెనీలు మూడు చక్రాల బండ్ల అమ్మకం మానుకున్నాయి. అప్పటికే 1980ల మొదట్లో సుజుకి కంపెనీ నాలుగు చక్రాల బండిని తెచ్చింది, అదే నిలిచింది. మన దేశంలో ఇలాంటివి మామూలుగా సొంత నేల మీద తిప్పుకోవడానికే. నంబరు లేని బండిని రోడ్డెక్కించకూడదు. చూడటానికి బొమ్మలా ఉన్నా, మీద పడితే లేచేంత తేలికైనది కాదు.

మావాడు కొన్నది చైనాలో తయారైన 125 సి.సి. బండి. క్లచ్చి నొక్కే పని లేదు. ముందుకు, న్యూట్రలు, వెనక్కు అని మూడు స్థానాల్లో ఒక గేరు కర్ర ఉంటుంది, అంతే. దాని జబ్బులు మూడు. ఒకటి, స్టార్టరు నొక్కితే 'టిక్' మని ఊరుకుంటుంది. రెండు, రాత్రంతా బ్యాటరీ ఛార్జి చేస్తే మర్నాటి సాయంత్రానికి మళ్ళీ ఖాళీ. మూడు, ఎలాగో నడుస్తున్నా హ్యాండిలు ఎడమకు తిప్పితే ఇంజను చచ్చిపోతుంది. ఈ మూడింటికీ ఒకరు బ్యాటరీ మార్చమన్నారట, ఒకరు స్టార్టరు మోటారు మార్చమన్నారట, ఒకరు సి.డి.ఐ. పెట్టె మార్చమన్నారట. మీటరు పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. మావాడు అప్పటికే కొత్త బ్యాటరీ కొనేశాడు. జబ్బు జబ్బులాగే ఉంది.

రబ్బరు బ్యాండ్ల లెక్క

సీటు తీసి, పక్క ప్లాస్టిక్కులు విప్పాం. ఏదైనా విప్పేముందు సెల్ ఫోనుతో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. మా కాలంలో కాగితం మీద బొమ్మ గీసుకునేవాళ్ళం, ఇప్పుడు ఆ బాధ తప్పింది. తరవాత బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పాలి, ప్లస్ ఆ తరవాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ఈ వరుస తప్పితే స్పానరు బండి చట్రానికి తగిలి నిప్పులు రాలతాయి. పెట్రోలు ట్యాంకు అక్కడికి జానెడు దూరంలో ఉంటుంది.

మావాడి కూతురికి పదేళ్ళు. టార్చి పట్టుకోవడానికి కూర్చుంది. ఊరికే పట్టుకోకుండా "అదేమిటి తాతా, ఇదేమిటి తాతా" అని ప్రాణం తీసింది. నాకూ అలాంటి శిష్యులంటే ఇష్టమే. నల్ల టేపు చుట్టిన చోటల్లా వెతికి, గులాబీ కట్టలకు వేసే రబ్బరు బ్యాండు ఒకటి తగిలించమన్నాను. అరగంటలో లెక్క చెప్పింది. పదకొండు.

ఒక చిన్న బండిలో పదకొండు చోట్ల వైరు కోసి అతికారంటే దానికి కారణం ఉంది. రిసార్టులో రోజూ బురద పడుతుంది, రోజూ ప్రెషరు పంపుతో కడుగుతారు. ఆ జోరుకు నీళ్ళు వైర్ల జోడుల్లోకి, అదే కనెక్టర్లలోకి, దూరతాయి. లోపల ఇత్తడి పిన్నులకు పచ్చటి కిలుం పడుతుంది. ఇత్తడి చెంబుకు పట్టినట్టే. కిలుం మధ్య నుంచి కరెంటు సరిగా పోదు. మర్నాడు పొద్దున్నే టూరిస్టులు వచ్చి నిలబడి ఉంటారు. అక్కడి మనిషి ఏం చేస్తాడు? కనెక్టరు కోసి పారేసి, రెండు కొసలు మెలేసి, టేపు చుట్టి పంపించేస్తాడు. ఆ పూట గడుస్తుంది. అలాంటి పూటలు పదకొండు.

రంగులు చదవడం

చాలా చైనా క్వాడ్లలో ఉండేది, హోండా వాళ్ళు 1958లో తెచ్చిన చిన్న కబ్ బండి వంశానికి చెందిన ఇంజను నమూనా. వైర్ల రంగుల్లోనూ ఎక్కువగా హోండా అలవాటే కనిపిస్తుంది. ఎరుపు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది. నలుపు తాళం తిప్పాక కరెంటు వచ్చేది. ఆకుపచ్చ ఎర్తు, అంటే చట్రానికి కలిసేది. నలుపు మీద తెల్ల గీత ఉన్నది ఇంజను ఆపే వైరు. ఇది అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. యమహా బండ్లలో నలుపే ఎర్తు. కాబట్టి రంగు చూసి ఊహించండి, మీటరుతో చూసి నమ్మండి.

ఆ నలుపు–తెలుపు వైరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో లైటు ఆర్పాలంటే స్విచ్చి దారిని తెంచుతుంది. ఈ బండిలో తిరగేసి ఉంటుంది. సి.డి.ఐ. పెట్టె నుంచి వచ్చే ఈ వైరు చట్రానికి తగిలితే ప్లగ్గులో స్పార్కు ఆగిపోతుంది, ఇంజను ఆగిపోతుంది. తాళం 'ఆఫ్' చేసినా, హ్యాండిలు మీది ఎర్ర బటను నొక్కినా జరిగేది అదే, వైరును ఎర్తుకు కలపడమే. అందువల్ల ఈ వైరు తోలు ఊడి దారిలో ఎక్కడైనా ఇనుముకు తగిలితే, ఎవరూ బటను నొక్కకుండానే ఇంజను ఆగుతుంది. ఈ వైరు తెగిపోతే బటను ఎంత నొక్కినా ఇంజను ఆగదు.

మూడు జబ్బులు, మూడు కొలతలు

మొదట 'టిక్' సంగతి. బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టులు. నిండు బ్యాటరీ. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస ఇంజను ఒంటి మీద పెట్టి స్టార్టరు నొక్కమన్నాను. 2.8 వోల్టులు చూపించింది. ఆ రెండూ ఒకే ఎర్తు, మధ్యలో అర వోల్టు కూడా ఉండకూడదు. అంటే ఎర్తు దారిలోనే కరెంటు ఇరుక్కుంటోంది. ఎర్తు కేబులు ఇంజనుకు బిగించిన బోల్టు విప్పితే కింద తుప్పు, రంగు, మట్టి. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వాజలైను పూశాను. మళ్ళీ కొలిస్తే 0.2. స్టార్టరు గిర్రున తిరిగింది. మార్చమన్న మోటారుకు ఏ జబ్బూ లేదు.

రెండోది బ్యాటరీ ఖాళీ కావడం. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ మీద సుమారు 14 వోల్టులు కనిపించాలి. ఇక్కడ 12.3 ఉంది. అంటే ఛార్జింగు లేదు. రెగ్యులేటరు కనెక్టరు ఊడదీస్తే లోపల పచ్చటి ముద్ద. పిన్నులు శుభ్రం చేసి, వదులైన వాటిని సన్న మూతి ప్లేయరుతో కాస్త నొక్కి బిగుతు చేసి పెడితే 14.1 వచ్చింది.

ఆ పక్కనే ఇంకొకటి కనిపించింది. ఫ్యూజు మాడిపోయి ఉంటే, గాజు గొట్టం చుట్టూ రాగి పోగులు చుట్టి పెట్టారు. ఇది చూసి నా ఒళ్ళు మండింది. ఫ్యూజు బ్యాటరీని కాపాడటానికో, లైటును కాపాడటానికో అనుకుంటారు. అది వైరును కాపాడటానికి. పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అనుకోకండి. షార్టు అయితే ఈ చిన్న బ్యాటరీయే నూరు ఆంపియర్లకు పైగా ఇస్తుంది. సన్న వైరు క్షణంలో ఎర్రగా కాలుతుంది. పైన సీటులో స్పాంజి, పక్కన పెట్రోలు. ఆ రాగి తీసేసి 15 ఆంపియర్ల సరైన ఫ్యూజు వేశాను.

మూడోది హ్యాండిలు తిప్పితే ఆగిపోవడం. ప్లగ్గు విప్పి, పెట్రోలు వాసన లేని చోట ఇంజను ఒంటికి ఆనించి, హ్యాండిలు ఎడమకు తిప్పి స్టార్టరు నొక్కితే స్పార్కు లేదు. సి.డి.ఐ. కనెక్టరులోంచి నలుపు–తెలుపు పిన్ను ఒక్కటే బయటికి లాగి మళ్ళీ చూస్తే నీలంగా స్పార్కు వచ్చింది. అంటే పెట్టె బాగుంది, ఆపే వైరు ఎక్కడో ఇనుముకు తగులుతోంది. (ఆ పిన్ను తీసినప్పుడు తాళం తిప్పినా ఇంజను ఆగదు. అందుకే స్పార్కు మాత్రం చూశాను, ఇంజను నడపలేదు.) మీటరు కూతపెట్టే స్థానంలో ఉంచి హ్యాండిలు నెమ్మదిగా తిప్పాను. ఎడమకు వెళ్ళేసరికి కూసింది. హ్యాండిలు మెడ దగ్గర వైర్ల కట్ట చట్రానికి రాసుకుని తోలు ఊడి ఉంది.

ఇప్పుడు పాత కథంతా అర్థమైంది. రిసార్టులోనే ఇంజను మాటిమాటికీ ఆగేది. అక్కడి మనిషి ఎర్ర బటనే పాడైందనుకున్నాడు. బటను కిందే వైరు కోసి, కొసకు టేపు చుట్టాడు. అసలు రోగం అక్కడికి జానెడు కింద ఉంది. దాన్ని చూడనేలేదు. ఆపే బటను పోయింది, ఆగే జబ్బు మిగిలింది. అది పాప లెక్కలో పదకొండో రబ్బరు బ్యాండు. ఎనిమిదోది బ్రేకు దగ్గర ఉంది. ఈ బండి బ్రేకు పట్టుకుంటే తప్ప స్టార్టు కాకూడదు. అక్కడి స్విచ్చి రెండు వైర్లనూ ఎవరో కలిపి మెలేశారు. ఇక బ్రేకు పట్టినా పట్టకపోయినా స్టార్టు అవుతుంది.

రాసుకున్న వైరుకు కొత్త తోలు వేసి, కట్టను పక్కకు జరిపి కట్టాను. దారిలో తగిలిన నాలుగు అతుకులు విప్పి సరిగా వేశాను. చీకటి పడింది. బండి స్టార్టు అయింది, ఎడమకు కుడికి తిప్పినా ఆగలేదు. మావాడు షెడ్డు చుట్టూ రెండు చుట్లు కొట్టి వచ్చి, "మామా, మీ చెయ్యి పడితే చాలు!" అన్నాడు. అక్కయ్య లోపలి నుంచి భోజనానికి పిలిచింది.

చేతులు కడుక్కుంటుంటే పాప అడిగింది. "తాతా, ఆ ఎర్ర బటను ఎందుకు?"

"అది నొక్కితే బండి ఎక్కడున్నా ఠక్కున ఆగిపోతుందమ్మా" అని చెప్పాను.

దాని వైరు కోసి ఉందని, ఇప్పుడు అది పనిచేయదని మాత్రం చెప్పలేదు. మిగిలిన ఏడు అతుకులూ రేపు చూద్దాంలే అనుకున్నాను. బండి నడుస్తోంది కదా.

ఆదివారం పొద్దున

ఆరున్నరకు కాఫీ తాగుతున్నాను. షెడ్డు వైపు నుంచి ఇంజను చప్పుడు, ఆ వెంటనే క్రేట్లు కూలిన చప్పుడు, ఆ తరవాత పాప కేక. మావాడూ నేనూ ఒకేసారి పరుగెత్తాం.

తాళం బండికే ఉంది. గేరు కర్ర ముందుకు ఉంది. పాప ఊరికే ఎక్కి కూర్చుని స్టార్టరు నొక్కింది. బ్రేకు పట్టుకోలేదు. బ్రేకు స్విచ్చి సరిగా ఉంటే అక్కడితో కథ అయిపోయేది. బండి కదలగానే భయపడి హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. గట్టిగా పట్టుకుంటే బొటనవేలు ఎక్కడ పడుతుంది? ఆ మీట మీదే. ఎంత భయపడితే అంత నొక్కుడు. పదిహేను అడుగులు దూసుకుపోయి క్రేట్ల వరసను గుద్దింది. ఆ దెబ్బకు చెయ్యి జారి మీట వదిలింది కాబట్టి బండి నిలిచింది. మావాడు వెళ్ళి తాళం తిప్పాడు.

గడ్డం కింద తెగింది. హోసూరు తీసుకెళ్ళి రెండు కుట్లు వేయించాం. ఇంకేమీ కాలేదు. క్రేట్ల స్థానంలో గోడ ఉంటే, బండి తిరగబడి ఉంటే, అని ఆ రోజంతా మేం ఎవ్వరం పైకి అనలేదు గాని ప్రతివాళ్ళం అనుకుంటూనే ఉన్నాం. అక్కయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"తాళం నేనే వదిలేశాను మామా, తప్పు నాది" అన్నాడు మావాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నా గుండెల మీద నుంచి కొంత బరువు దిగినట్టనిపించింది. ఆ కాస్త ఊరటా సాయంత్రందాకా నిలవలేదు. గడ్డానికి ప్లాస్టరుతో పాప నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఎర్ర బటను నొక్కాను తాతా. మూడుసార్లు నొక్కాను. ఆగలేదు."

ఇన్నేళ్ళ నా పనిలో ఎన్నో షాకులు తిన్నాను. ఇలాంటిది తినలేదు.

రిసార్టు మనిషి మీద నేను శనివారం సాయంత్రమంతా చిరాకుపడ్డాను. ఆ పూట గడిస్తే చాలనుకున్నాడని ఆడిపోసుకున్నాను. నేను చేసిందేమిటి? అతను బటను వైరు కోశాడు. నేను కోసిన వైరును కళ్ళారా చూసి, బండిని నడిచేలా చేసి పెట్టి, భోజనానికి లేచాను. నడవని బండిలో బటను లేకపోయినా ప్రమాదం లేదు. దాన్ని నడిపించి, ఆపే దారి లేకుండా వదిలింది నేను.

మళ్ళీ మొదటి నుంచి

సోమవారం ఇంటికి వెళ్ళలేదు. మిగిలిన ఏడూ విప్పాను. ఈసారి వరుస మార్చాను. ముందు ఆపేవి, తరవాత నడిపించేవి. ఎర్ర బటనుకు కొత్త స్విచ్చి వేసి నలుపు–తెలుపు వైరు కలిపాను. బ్రేకు స్విచ్చి మెలిక విప్పి కొత్త స్విచ్చి పెట్టాను. మణికట్టుకు తగిలించుకునే తాడు స్విచ్చి కూడా ఒకటి బిగించాను. మనిషి కిందపడితే తాడు ఊడి, ఇంజను ఆగుతుంది.

అతుకు ఎలా వేయాలో కూడా చెబుతాను, మీకు ఎక్కడైనా పనికొస్తుంది. వైరు కొస నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయండి. కొత్త ముక్క పాతదాని అంత లావు ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి, తక్కువ పనికిరాదు. అతికేముందే ఒక వైపు హీట్ స్లీవు తొడగడం మరిచిపోకండి, అందరూ మరిచిపోయేది అదే. రెండు కొసలూ రాగి గొట్టంలో దూర్చి క్రింపింగు ప్లేయరుతో నొక్కండి. గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. తరవాత స్లీవు జరిపి వేడి చేయండి. నేను రేడియోల కాలం నుంచి సోల్డరింగు మనిషిని. అయినా ఊగే బండిలో సోల్డరు ఒక్కటే నమ్మను. సోల్డరు పాకిన చోట వైరు పుల్లలా గట్టిపడుతుంది, అదురుకు సరిగ్గా ఆ అంచున విరుగుతుంది. వేసినా, రెండు వైపులా కదలకుండా కట్టాలి. ఇక ఉత్త టేపు సంగతి అడగకండి. ఎండకు జిగురు కరుగుతుంది, నీళ్ళకు ఊడుతుంది.

కట్టలు చట్రానికి రాసుకునే చోట రబ్బరు గొట్టం తొడిగి, హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి వైరు బిగుసుకోవడం లేదని చూసుకుని కట్టాను. బండి కడిగేటప్పుడు కనెక్టర్ల మీద ప్రెషరు పంపు పెట్టవద్దని మావాడితో గట్టిగా చెప్పాను.

ఆఖరున పరీక్ష. వెనక చక్రాలు గాలిలో ఉండేలా చట్రం కింద రాళ్ళు పేర్చి, బండి కదలకుండా చూసుకుని మొదలుపెట్టాం. బ్రేకు పట్టకుండా స్టార్టరు నొక్కితే పలకకూడదు. పలకలేదు. బ్రేకు పట్టి నొక్కితే స్టార్టు కావాలి. అయింది. ఎర్ర బటను నొక్కితే ఆగాలి. ఆగింది. తాడు లాగితే ఆగాలి. ఆగింది. తాళం తిప్పితే ఆగాలి. ఆగింది. నడవడం ఒక్కసారి చూశాను, ఆగడం పదిసార్లు చూశాను. ఈ పరీక్ష ప్రతిరోజూ పువ్వులకు వెళ్ళేముందు చేస్తానని మావాడు ఒప్పుకున్నాడు. అర నిమిషం పని.

తాళం ఇప్పుడు అక్కయ్య కొంగుముడిలో ఉంటుంది. పెద్దల కోసం చేసిన క్వాడ్ను పదహారేళ్ళ లోపు పిల్లలు నడపకూడదని అమెరికాలో భద్రత చూసే ప్రభుత్వ సంస్థ చెబుతుంది. మన ఇళ్ళల్లో అంతకంటే తక్కువ జాగ్రత్త ఎందుకు ఉండాలి? పెద్దలైనా హెల్మెట్టు లేకుండా ఎక్కకూడదు.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి బండి ఉండదని నాకు తెలుసు. బళ్ళారిలోనో షోలాపూరులోనో బరంపురంలోనో యానాంలోనో, పాత ఇంట్లో అద్దెకు ఉంటూ ఇది చదువుతుంటారు. మీ మెయిను బోర్డు ఒకసారి చూడండి. ఫ్యూజు స్థానంలో లావు రాగి తీగ ఎవరైనా చుట్టి పోయారా? మాటిమాటికీ పడిపోతోందని ఈ.ఎల్.సి.బి.ని పక్కన పెట్టి నేరుగా కలిపారా? అది మాటిమాటికీ పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతోంది. చెప్పేవాడి నోరు నొక్కితే కారడం ఆగదు. అనుభవం లేకపోతే మీరు చెయ్యి పెట్టకండి, తెలిసినవాణ్ణి పిలవండి. కాని "తరవాత చూద్దాం" అని మాత్రం అనకండి, అననివ్వకండి.

పదకొండు అతుకులూ పూర్తయ్యాక పాప ఒక్కో రబ్బరు బ్యాండూ తీసి నా చేతికి వేసింది. ఎనిమిదోది, పదకొండోది నా దగ్గరే ఉంచుకున్నాను. పనిముట్ల సంచీలో, మీటరు చుట్టూ ఉన్నాయి. సంచీ తెరిస్తే ముందు అవే కనిపిస్తాయి.

వచ్చే సంచికలో నీటిపంపు, ఈసారి తప్పను. మీ అనుభవాలు ఉత్తరం రాయండి, మంచివీ, నాలాంటివీ కూడా.

శెలవు.